కలివికోడికి ఎంత చోటు కావాలి?

(పఠనాలు: నిర్గమకాండము 23:10–11, ద్వితీయోపదేశకాండము 22:6–7, కీర్తన 104:19–23)



పైన చూపిన పఠనాలను ముందుగా చదివి, ఆ తరువాత ఈ పాఠం మొదలుపెట్టండి. మూడూ కలిపి పది వచనాలకు మించవు.

మొదటి పఠనంలో భూమికి విశ్రాంతినిచ్చే చట్టం ఉన్నది. ఆరేండ్లు విత్తుకోవచ్చు, కోసుకోవచ్చు. ఏడవ యేట పొలాన్ని బీడుగా వదలివేయాలి. ఆ బీటిలో తనంతట తానుగా పండినది ఎవరిది? మొదట పేదలది. పేదలు తినగా మిగిలినది అడవి జంతువులది. ఈ వచనం మీద మనం ప్రసంగాలు వినకపోలేదు. పేదల మాట వరకు వచ్చి ప్రసంగం ఆగిపోతుంది. జంతువుల మాట ఎవరూ ఎత్తరు, అదేదో మోషే పొరపాటున చేర్చినట్టు! కాని చట్టం పేదవాణ్ణీ అడవి జంతువునూ ఒకే వాక్యంలో, ఒకే బీటిలో నిలబెట్టింది. వారిద్దరూ ఒక పక్క. నేలంతా తనదేనని, ఏటేటా దాని నుండి చివరి గింజ దాకా రాబట్టుకోవాలని చూసే యజమాని ఇంకొక పక్క. ఈ పొత్తును గుర్తుపెట్టుకోండి. ఈ పాఠమంతా దాని చుట్టే తిరుగుతుంది.

అభయారణ్యాలను విస్తరించాలన్న మాట ఇప్పుడు లోకమంతటా వినబడుతోంది. 2022 డిసెంబరులో మాంట్రియల్ నగరంలో సమావేశమైన దేశాలు, 2030 నాటికి భూమిలోను సముద్రంలోను నూటికి 30 వంతులను ఏదో ఒక విధమైన రక్షణ కిందికి తేవాలని ఒప్పుకొన్నాయి. మన దేశంలో జాతీయ పార్కులు, అభయారణ్యాలు కలిపి లెక్కించినా నేల విస్తీర్ణంలో అయిదు శాతం పైచిలుకు మాత్రమే. మిగతాది ఎక్కడ నుండి వస్తుంది? ఎవరి చేతిలోని నేల అది? ఈ ప్రశ్న రాగానే రెండు కేకలు లేస్తాయి. అడవిని కాపాడాలంటే మనుషులను ఖాళీ చేయించాలని ఒకరు. మనిషికి లేని చోటు పిట్టకెందుకని మరొకరు. ఇద్దరూ మోషే చట్టాన్ని చెరిసగం చించుకొని, ఎవరి ముక్కను వారు పట్టుకొన్నవారే. వాదనను అలా గాలిలో వదలకుండా, మన తెలుగు నేల మీద నిజంగా జరిగిన ఒక సంగతిని ఆనుకొని ఆలోచిద్దాం.

పేరు పోని పక్షి

కడప జిల్లాలో సిద్దవటం, బద్వేలు ప్రాంతాల్లో లంకమల కొండలున్నాయి. పెన్నా నది ఆ దాపునే పారుతుంది. కొండ పైభాగాన ఎర్రచందనం వంటి చెట్లు. కొండ దిగి ఊరు చేరేలోపల, అడవికీ పొలానికీ నడుమ, రేగు, తుమ్మ, కలివి పొదలు అక్కడక్కడ విడివిడిగా పెరిగే నేల ఒకటి తగులుతుంది. పొదకూ పొదకూ మధ్య గులకరాళ్లు, బట్టతల లాంటి మట్టి. దీన్నే చిట్టడవి అంటాం. కలివిపండ్లు కోసుకోవడానికి పిల్లలు, కట్టెల కోసం ఆడవారు, మేకలను తోలుకొని కాపరులు అక్కడికి వెళతారు. మిగిలినవారి కంటికి అది పనికిరాని బంజరు.

ఆ పొదల నడుమ కాపురముండే పక్షి కలివికోడి. జానెడుకు కాస్త మించిన పొడవు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలు కంటబడదు. రాత్రిపూట బయటికి వచ్చి, ఎగరడం కంటె పరుగెత్తడమే మేలన్నట్టు పొదల సందుల్లో తిరుగుతూ చిన్న చిన్న పురుగులను ఏరుకొని తింటుంది. పొద్దుగూకిన ముప్పావుగంటకు కాబోలు రెండక్షరాల కూత ఒకటి వరుసగా కూస్తుంది. కొద్ది నిమిషాలలో ఆ కూతా ఆగిపోతుంది.

థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుని ద్వారా 1848లో ఈ పక్షి సంగతి శాస్త్రలోకానికి తెలిసింది. అందుకే ఇంగ్లీషువారు దీన్ని జెర్డన్స్ కోర్సర్ అన్నారు. 1900లో అనంతపురం దాపున దాన్ని చూసినవాడు హోవర్డ్ క్యాంప్‌బెల్. ఆయన లండన్ మిషనుకు చెందిన ప్రొటెస్టెంటు బోధకుడు. సువార్త పని మీద సీమ పల్లెలు తిరుగుతూ, దారిలో పక్షులనూ సీతాకోకచిలుకలనూ పరిశీలించిన మనిషి. (సువార్త బోధకుడికి పిట్టలతో ఏమి పని అని మనలో ఎవరికైనా అనిపిస్తే, ఆకాశపక్షులను గమనించి చూడమని చెప్పినది ఎవరో ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి.) ఆ తరువాత 86 ఏండ్లు ఏ పండితుడికీ అది కనబడలేదు. అంతరించిపోయినదని పుస్తకాలలో రాసుకొన్నారు.

1986 జనవరిలో అది దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప జిల్లా పల్లెల్లో విచారిస్తూ ఉండగా, రెడ్డిపల్లె దగ్గర ఆ ప్రాంతపు వేటగాడు ఒకరు రాత్రిపూట దీపం వెలుతురులో పక్షిని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. పట్టుబడిన పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. కాని జాతి బతికే ఉన్నదని రుజువయింది. ఇందులో మనం గమనించవలసినది ఒకటున్నది. పండితులు దాన్ని పోయిందనుకొన్నా, పల్లెవారి నోట దాని పేరు పోలేదు. కలివిపొదల్లో ఉండే కోడి కనుక కలివికోడి. చదువురాని వేటగాని కన్ను లేకపోతే ఆ జాతి మన లెక్కలో ఇప్పటికీ చచ్చిపోయినదే! రెండేండ్లు తిరిగేసరికి 1988లో తపాలాశాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. అదే సంవత్సరం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 464 చదరపు కిలోమీటర్లు.

గూటిని గురించిన చట్టం

ఇక రెండవ పఠనానికి రండి. దారిలో చెట్టుమీదనో నేలమీదనో నీకు పక్షిగూడు తగిలితే, తల్లి పిల్లలమీద గాని గుడ్లమీద గాని పొదిగి కూర్చుంటే, తల్లినీ పిల్లలనూ కలిపి పట్టుకోవద్దు, తల్లిని వదలివేయమని ధర్మశాస్త్రం చెబుతోంది. అలా చేస్తే నీకు మేలు కలుగుతుంది, దీర్ఘాయువు కలుగుతుంది అని మాట ఇస్తోంది. ఈ మాట మీరు ఇంకెక్కడ విన్నారు? తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞలో. కన్నతల్లిని గౌరవించినవానికీ, గూటిలోని తల్లిని వదలినవానికీ దేవుడు ఒకే బహుమానం పెట్టాడు. యూదా గురువులు దీన్ని గురించి ఎంతో చర్చించారు. ఆజ్ఞలన్నిటిలోకీ చిన్నది ఇదేనని, అయినా ఫలం మాత్రం పెద్ద ఆజ్ఞతో సమానమని వారు ఆశ్చర్యపడ్డారు.

ఈ చట్టం పక్షిని ముట్టుకోవద్దనలేదు. గుడ్లు తీసుకోవచ్చు. ఆకలిగొన్న బాటసారిని అది శిక్షించలేదు. మళ్లీ గూడు కట్టే తల్లిని మాత్రం వదలమన్నది. ఈనాటి మాటల్లో చెప్పాలంటే, రాబడి తీసుకో, మూలధనం ముట్టకు.

కలివికోడి విషయంలో ఈ చట్టాన్ని పాటించాలన్నా మనకు వీలు లేదు. దాని గూడు ఎలా ఉంటుందో వివరంగా రాసినవారు లేరు. లోకం మొత్తంలో దానిదని తేలిన గుడ్డు ఒక్కటే. అది 1917లో కోలారు గనుల ప్రాంతంలో దొరికి, సముద్రాలు దాటి స్కాట్లాండు చేరి, ఏబర్డీను విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఎన్నో ఏండ్లు ఒక సొరుగులో పడి ఉన్నది. దాని నుండి తీసిన జన్యుపదార్థాన్ని పరీక్షించి, అది కలివికోడి గుడ్డేనని 2013లో ప్రకటించారు. గూడు ఎక్కడున్నదో తెలియనప్పుడు దాన్ని కాపాడే మార్గం ఒకటే: గూడు ఉండగల నేలనంతా కాపాడడం. రక్షిత ప్రాంతాలు విశాలంగా ఉండాలని శాస్త్రజ్ఞులు అడగడంలోని మొదటి కారణం ఇదే. మనకు తెలిసిన దానికంటె తెలియనిది ఎక్కువ. 2015లో జగద్గురువులు ఫ్రాన్సిసు పాపుగారు వెలువరించిన ‘లౌదాతో సి’ విశ్వలేఖలో ఇదే బాధ కనిపిస్తుంది. మనవల్ల ఏటేటా వేలాది జాతులు నశిస్తున్నాయని, వాటిని మన పిల్లలు ఎన్నటికీ చూడలేరని, కేవలం ఉండడం చేతనే దేవుణ్ణి మహిమపరచే ఆ జీవులను తుడిచివేసే హక్కు మనకు లేదని ఆ లేఖ 33వ పేరా చెబుతోంది.

పొద ఎంత చిక్కగా ఉండాలి?

అభయారణ్యం ప్రకటించగానే పని అయిపోయిందా? కాలేదు. తరువాతి సంవత్సరాలలో పరిశోధకులు లంకమల పాదాన ఓపికగా పనిచేశారు. పక్షి కంటబడదు కాబట్టి పొదల సందుల్లో మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి దానిమీద పడిన కాలిగుర్తులను చదివారు. తానే ఫోటో తీసుకొనే కెమెరాలు పెట్టారు. కూతను రికార్డు చేసి సాయంకాలం వినిపించి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చొన్నారు.

వారు తేల్చిన సంగతి మన పాఠానికి ప్రాణం వంటిది. కలివికోడి దట్టమైన అడవిలో ఉండదు. బోడినేల మీదా ఉండదు. రెండు మీటర్లకు మించిన ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు, చిన్న పొదలు వెయ్యికి లోపల ఉన్నచోట అది ఎక్కువగా తిరుగుతుంది. అంతకు మించి చిక్కబడితే పరుగెత్తడానికి సందు లేదు. అంతకు పలచబడితే దాక్కోవడానికి చాటు లేదు.

మరి పొదలను ఈ మోతాదులో ఉంచుతున్నది ఎవరు? కొంతవరకు వాన, నేల స్వభావం. కొంతవరకు మేకలు, కట్టెలు కొట్టుకొనే చేతులు. మేకలు మితిమీరితే పొద చస్తుంది. కత్తి మితిమీరితే నేల బోడి అవుతుంది. ఇది నిజమే, దాచవలసిన పని లేదు. కాని మేకలనూ మనుషులనూ పూర్తిగా వెళ్లగొట్టి తాళం వేస్తే పొదలు చిక్కబడి, ఏ పక్షి కోసం తాళం వేశామో ఆ పక్షికే చోటు లేకుండా పోయే ప్రమాదం ఉన్నది. పేదవాడూ అడవి జంతువూ ఒకే బీటిలో ఉండాలన్న నిర్గమకాండపు మాట ఇక్కడ ఉపమానం కాదు, హెక్టారుకు ఇన్ని పొదలని లెక్కగట్టి చూపగల సంగతి.

మూడవ పఠనమైన 104వ కీర్తనలో ఈ ఏర్పాటు ఎంత చక్కగా ఉన్నదో చూడండి. చీకటి పడగానే అడవి జంతువులు బయలుదేరుతాయి. సూర్యుడు ఉదయించగానే అవి తమ తావులకు చేరుకొంటాయి. అప్పుడు మనిషి పనికి బయలుదేరి సాయంకాలం దాకా పాటుపడతాడు. ఫ్యాక్టరీలో షిఫ్టుల వంటి ఏర్పాటు ఇది! లంకమల పాదాన పగలు కాపరి షిఫ్టు, రాత్రి కలివికోడి షిఫ్టు. నేల ఒక్కటే. ఈ రెండు షిఫ్టులకూ పనికిరాకుండా ఆ నేలను మార్చేసేది మూడవది ఒకటున్నది. ఇప్పుడు దాని దగ్గరికి వస్తున్నాం.

వంగిన కాలువ

శ్రీశైలం నుండి కృష్ణానీటిని సీమకూ నెల్లూరుకూ, అక్కడి నుండి మద్రాసు నగరానికి తాగునీటిగానూ చేర్చే తెలుగుగంగ కాలువలు ఈ ప్రాంతం మీదుగానే పోతాయి. 2005లో కాలువ తవ్వే యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చాయి. అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు ఈ సంగతిని బయటపెట్టగా, అటవీశాఖ పనిని ఆపించింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకండి. నీటిచుక్క కోసం తరతరాలుగా ఆకాశం వంక చూసిన సీమ రైతుతో, పిట్ట కోసం కాలువ మానుకో అని చెప్పగల ధైర్యం ఎవరికుంది? అలా చెప్పడం న్యాయమూ కాదు. చివరికి జరిగినదేమంటే, కాలువ ఆగలేదు, వంగింది. పక్షి తిరిగే నేలను తప్పించి దారి మార్చారు. ఆ పొదల నేలలో కొంత భూమిని సేకరించి రక్షణ కిందికి తేవడానికి ప్రభుత్వం పూనుకొన్నది. అభయారణ్యపు గీత కొండ మీద నుండి కిందికి, బంజరు అనుకొన్న చోటికి దిగిరావడం ఇక్కడ పెద్ద విశేషం. మామూలుగా మనం ఎవరికీ అక్కరలేని ఎత్తయిన కొండలనూ లోతైన లోయలనూ అభయారణ్యంగా ప్రకటించి తృప్తిపడతాం. నాగలికి లొంగే నేల దగ్గరికి వచ్చేసరికి దేవుని సృష్టి మీద మన ప్రేమ చల్లబడుతుంది.

కాలువ వంగినా దాని వెంట వచ్చే మార్పు వంగలేదు. నీరు వచ్చినచోట నేల ధర పెరుగుతుంది. చిట్టడవిని చదును చేసి నిమ్మతోటలు, వరి పొలాలు వేస్తారు. బుల్‌డోజరు ఒక్క పూటలో పెరికిన పొదలు మళ్లీ ఆ మోతాదుకు రావడానికి ఏండ్లు పడుతుంది. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకొంటూ పోయి, చివరికి దేశంలో తాము తప్ప మరొకరికి చోటు లేకుండా చేసేవారికి శ్రమ అని యెషయా ప్రవక్త హెచ్చరించాడు (5:8). ఆ మూడవది ఇదే. దీనివల్ల మేకల కాపరికి మేత పోతుంది, కట్టెలమోపు ఆడమనిషికి కట్టె పోతుంది, కలివికోడికి గూడు పోతుంది. ముగ్గురూ ఒకేసారి, ఒకే యంత్రం కింద.

ఆ తరువాత చాలా ఏండ్లు కలివికోడి జాడ లేదు. రెండవసారి కూడా పోయిందేమోననుకొన్నారు. 2025 ఆగస్టులో కడప ప్రాంతపు చిట్టడవిలో పక్షి పరిశీలకులు దాని కూతను మళ్లీ రికార్డు చేశారు.

చిన్న కంచె గతి

ఉన్న అభయారణ్యం చాలదా, విస్తరణ దేనికి అని అడిగేవారు నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు సంగతి తెలుసుకోవాలి. బట్టమేక అనే పెద్ద పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. బట్టమేక మేత కోసం మైళ్లకొద్దీ తిరిగే పక్షి. కంచె లోపల గడ్డి బాగానే పెరిగింది. కంచె బయట మెట్టపంటల తీరు మారింది, నీటిపారుదల వచ్చింది, పచ్చికబీళ్లు పొలాలయ్యాయి. బయట చోటు తగ్గేకొద్దీ పక్షులూ తగ్గుతూ వచ్చి, ఇటీవలి సంవత్సరాలలో అక్కడ బట్టమేకల కాపురమే లేకుండా పోయింది. పక్షిని కంచె లోపల మాత్రమే బతకమని మనం చెప్పాం, దానికి ఆ భాష తెలియదు.

అందుకే నిపుణులు విడివిడి ముక్కలను కలిపే దారులను గురించి మాట్లాడుతున్నారు. నల్లమల పులుల అభయారణ్యం నుండి గుండ్లబ్రహ్మేశ్వరం, లంకమల, పెనుశిల నరసింహ అభయారణ్యాల మీదుగా శేషాచలం వరకు అడవి ఒక గొలుసులా సాగుతుంది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత మండలంగా ప్రకటించారు. ఎర్రచందనం, బంగారు బల్లి, దేవాంగపిల్లి అన్నీ ఈ కొండల వరుసలోనివే. గొలుసులో ఒక కొక్కెం ఊడితే రెండు వైపుల ముక్కలూ ఒంటరివవుతాయి. రోడ్లు, కంచెలు, ఆనకట్టలు జీవులను ఇలా విడదీస్తాయని, వాటి రాకపోకలకు దారులు వదలాలని ‘లౌదాతో సి’ 35వ పేరాలోనూ ఉన్నది. ఒక విశ్వలేఖలో అడవి జంతువుల బాటల ప్రస్తావన ఉన్నదంటే మనలో చాలామంది నమ్మరు. తీసి చదవండి.

గీత గీసినంత మాత్రాన అది నిలబడుతుందనీ అనుకోవద్దు. కొల్లేటి సంగతి మీకు తెలిసినదే. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006 ప్రాంతంలో కోర్టు ఆదేశాల మీద చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. 2008లో గీతను మూడవ కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ 2011లో అందుకు ఒప్పుకోలేదు. ఈ తగవంతటిలోనూ వినబడిన మాట ‘పేదల జీవనోపాధి’. మాటలో నిజం ఉన్నది, లంకగ్రామాల మత్స్యకారులు నష్టపోయారు. కాని పెద్ద పెద్ద చెరువుల లాభం ఎవరి ఇంటికి చేరిందో కొల్లేటివారిని అడిగితే చెబుతారు. పేదవాణ్ణి ముందు నిలబెట్టి వెనుక నుండి మాట్లాడే గొంతును గుర్తుపట్టడం మనం నేర్చుకోవాలి.

మీ ఊరికి ప్రకటన వస్తే

ఇక వ్యవహారం మాట. ఈ భాగాన్ని ఉపదేశులు, సంఘపెద్దలు కాస్త శ్రద్ధగా చదవాలి. మీ ఊరి పక్కన ఉన్న నేలను అభయారణ్యంలో కలపాలనుకొంటే ప్రభుత్వం ఏమి చేయాలి? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందు తన ఉద్దేశాన్ని ప్రకటించాలి. ఆ నేల మీద ఎవరికి ఏ హక్కులున్నాయో కలెక్టరు విచారించాలి. అందుకోసం చుట్టుపట్ల గ్రామాలలో ప్రాంతీయ భాషలో ప్రకటన చేయాలి. ఆ ప్రకటన వెలువడిన రెండు నెలలలోగా హక్కుదారులు రాతపూర్వకంగా కోరిక తెలియజేసుకోవాలి. కాపరికి ఈ రెండు నెలల సంగతి ఎవరు చెబుతారు? కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తే అతను చదవలేడు. ఆదివారం దివ్యబలిపూజ చివర ప్రకటనలు చదివే మనం, ఆ కాగితాన్ని కూడా ఒకసారి చదివి వినిపిస్తే ఏమి పోతుంది?

హక్కు ఉన్నదని తేలితే కలెక్టరు దానికి పరిహారమిచ్చి తీసుకోవచ్చు, లేదా అటవీ అధికారులతో సంప్రదించి ఆ హక్కును కొనసాగనివ్వవచ్చు. జాతీయ పార్కుకూ అభయారణ్యానికీ తేడా ఇక్కడే. పార్కులో పశువులను మేపనివ్వరు. అభయారణ్యంలో నియమాలకు లోబడి మేపుకోనివ్వడానికి వీలుంది. కలివికోడి వంటి పక్షికి ఈ రెండవ మార్గమే మేలని పైన చూశాం. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలలో కూడా వర్తిస్తుంది. గ్రామసభ ఎరిగి ఒప్పుకోకుండా అక్కడివారిని కదిలించరాదు. అయితే షెడ్యూల్డు తెగలకు చెందనివారు మూడు తరాలుగా, అంటే 75 ఏండ్లుగా, అడవిని ఆధారం చేసుకొని అక్కడ ఉంటున్నట్టు చూపించుకోవాలి. గొర్రెలు కాసుకొనే కుటుంబాలకు ఇది సులువు కాదు. తాతల పేర్లు, పాత రసీదులు, పెద్దల వాంగ్మూలాలు సమకూర్చడంలో చదువుకొన్న కుర్రవాళ్లు సాయపడవచ్చు.

ఇంకొక దారి కూడా ఉన్నది. ఆ చట్టానికి 2002లో చేసిన సవరణ ద్వారా, గ్రామస్థులే తమ సొంత నేలను గాని ఉమ్మడి నేలను గాని స్వచ్ఛందంగా రక్షిత ప్రాంతంగా ప్రకటింపజేసుకొనే ఏర్పాటు వచ్చింది. దీన్ని కమ్యూనిటీ రిజర్వు అంటారు. నేల ఊరివారిదే, పెత్తనం వారి కమిటీదే. మన రెండు రాష్ట్రాలలోను ఈ దారిని ఎక్కువగా వాడుకోవాలన్నది నా అభిప్రాయం. అలాగే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండి, ఊరిలోని చెట్లు, పక్షులు, విత్తనాల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలా చోట్ల అది నింపిన కాగితమే తప్ప మనుషుల నోట విన్న మాట కాదు. మీ ఊరి రిజిస్టరును అడిగి చూడండి. మీ ముసలివారికి తెలిసిన పిట్టల పేర్లు అందులో ఉన్నాయా?

మన సొంత ఇంటి మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. విచారణలకు, బడులకు, మఠాలకు నేలలున్నాయి. జూబిలీ వస్తున్నదనగానే ఆవరణలోని పొదలన్నీ కొట్టించి, నేలను అద్దంలా చదును చేయించి, నాలుగు క్రోటన్ మొక్కలు కుండీలలో పెట్టి ‘శుభ్రం చేశాం’ అంటాం. నవంబరులో సమాధుల తోటలోనూ అదే వరస. సమాధుల మధ్య దారి కావలసిందే, పాముల భయమూ నిజమే. కాని వెనుక గోడ వెంబడి ఒక పట్టీని కలివికీ రేగుకూ వదలివేస్తే మృతుల విశ్రాంతికి వచ్చే లోటేమీ లేదు. ఇలాంటి పట్టీలోకి కలివికోడి రాదు, అది వేరే సంగతి. పిచ్చుకలు, తొండలు, తేనెటీగలు వస్తాయి.

ఈ వారం మీ చిన్న క్రైస్తవ సంఘ కూటంలో ఈ పాఠాన్ని చదివిన తరువాత మూడు విషయాలు మాట్లాడుకోండి. మీ ఊరిలో బంజరు అని పిలిచే నేల ఏది, దానిమీద ఆధారపడి బతుకుతున్న మనుషులు ఎవరెవరు? గత ఇరవై ఏండ్లలో దానిలో ఎంత భాగం, ఎవరి చేతికి పోయింది? అక్కడ ఒకప్పుడు కనిపించి ఇప్పుడు కనిపించని పక్షి గాని జంతువు గాని ఏది? మూడవ ప్రశ్నకు జవాబు మీలో పెద్దచదువులు చదివినవారి దగ్గర ఉండకపోవచ్చు. మేకలు కాసేవారిని కూటానికి పిలవండి, వారు మందను దొడ్డికి తోలి వచ్చే వేళకే కూటం పెట్టుకోండి.